గజ్జెలు విప్పించింది ఎవరు?

మా అమ్మమ్మ పెళ్లి 1944లో, రామచంద్రపురం దగ్గర ఒక పల్లెలో జరిగింది. ఐదు రోజుల పెళ్లి. ఆ ఐదు రోజుల్లో ఆవిడకి బాగా గుర్తుండిపోయింది మా తాతయ్య కాదు, భోగం మేళం, అంటే పెళ్లిళ్లలో ఆడి పాడే దేవదాసీల బృందం. రెండు బళ్ల మీద వచ్చారట, నలుగురు ఆడవాళ్లు, మద్దెలాయన, ఫిడేలాయన, ఒక సామాన్ల పెట్టె. రాత్రి పందిట్లో పెట్రోమాక్స్ లైట్లు వేలాడదీసి మగవాళ్లంతా చాపల మీద కూర్చుంటే, ఇంట్లో ఆడవాళ్లు కిటికీ దగ్గర ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి చూశారు. పద్నాలుగేళ్ల పెళ్లికూతురికి మాత్రం అక్కడ కూడా చోటివ్వలేదు. నువ్వు చూడకూడదే అని లోపలికి తోలేశారు, అందుకని ఆవిడ పాట మాత్రమే విన్నది.

మర్నాడు నల్లపూసలు గుచ్చడానికి ఆ మేళంలో పెద్దావిడనే పిలిచారు. ఆవిడ పెళ్లాడింది దేవుణ్ణి, దేవుడికి చావు లేదు, కాబట్టి ఆవిడ నిత్యసుమంగళి, ఆ చేత్తో గుచ్చితే పెళ్లికూతురు పదికాలాలు పసుపు కుంకుమలతో ఉంటుందని నమ్మకం. ఆవిడ గుచ్చింది, పళ్లెంలో పెట్టిన చీర, డబ్బు తీసుకుంది. భోజనాల వేళకి మాత్రం వాళ్ల విస్తళ్లు పశువుల పాక అవతల వేశారు. "అదేంటి అమ్మమ్మా, నల్లపూసలకి పనికొచ్చిన మనిషి బంతిలో కూర్చోడానికి పనికిరాదా?" అని నేను అడిగితే ఆవిడ నన్ను వింతగా చూసింది. అది అప్పటి పద్ధతి, అంతే.

ఇంకో మూడేళ్లకి, 1947లో, మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని గుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. 1950లు ముగిసేసరికి మా వైపు పెళ్లిళ్లలో మేళాలు లేవు. ఈ మార్పు మంచిదా, చెడ్డదా? మన సంస్కృతి మీద ఎవరో తమ నీతిని రుద్దారా? లేక మనమే కళ్లు తెరిచి ఒక దురాచారాన్ని వదిలించుకున్నామా? నేను చాలా కాలం రెండోదే అనుకున్నాను, తర్వాత కొన్నాళ్లు మొదటిదే అని గట్టిగా వాదించాను, ఇప్పుడు రెండు ప్రశ్నలూ సరిగా వేసినవి కావనిపిస్తోంది.

ఒక సంస్కృతి తన నీతిని ఇంకో సంస్కృతి మీద రుద్దొచ్చా అనే వాదన ఎక్కడ మొదలైనా రెండు పట్టాల మీదే నడుస్తుంది. ఎవరి ఆచారం వాళ్లది, మధ్యలో నీకేంటి అని ఒకరు, తప్పు ఎక్కడ చేసినా తప్పే అని ఇంకొకరు. తమాషా ఏంటంటే మనుషులు ఈ పట్టాలు చాలా సులువుగా మారుస్తారు. మన పండగల మీద ఎవరో అమెరికాలో కూర్చుని వ్యాసం రాస్తే మొదటి పట్టా ఎక్కేవాడే, పక్క మతం వాళ్ల పెళ్లి చట్టాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క గెంతుతో రెండో పట్టా మీద ఉంటాడు. ఇద్దరూ మర్చిపోయే సంగతి ఒకటుంది: సంస్కృతి అనేది ఒకే నోరున్న మనిషి కాదు. ఒకే పెళ్లిలో పందిట్లో వాళ్లున్నారు, కిటికీ వెనక వాళ్లున్నారు, పాక అవతల విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లున్నారు. వాళ్లలో ఎవరి మాట "మన సంస్కృతి"?

కోస్తాలో ఆ మేళాల ఆడవాళ్లని కళావంతులు అనేవాళ్లు, అది మర్యాద పేరు. సాని, భోగం అనేవి మిగతా పేర్లు, ఇప్పుడు తిట్లు. గుడిలో సేవ, జమీందారు కొలువులో కచేరీ, పెళ్లిళ్లలో మేజువాణీ. క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం వాళ్ల నోళ్లలో బతికాయి. వాళ్లకి ఆలయ మాన్యాలుండేవి, ఆస్తి కూతుళ్లకి వచ్చేది, కొడుకు పుడితే కాదు, కూతురు పుడితే పండగ. మా ముత్తవ్వలెవరికీ చదవను రాయను రాని రోజుల్లో వాళ్లు సంస్కృతం చదివారు. ఇక్కడి వరకు చెప్పి ఆపేస్తే అందమైన కథ అవుతుంది, ఈ మధ్య చాలామంది అలాగే ఆపేస్తున్నారు కూడా. ఆపితే అబద్ధం. ఏడెనిమిదేళ్ల పిల్లకి గజ్జె కట్టేటప్పుడు ఆ పిల్లని ఎవరూ అడగలేదు. పెద్దమనిషి అయ్యాక కన్నెరికం అనే తంతు ఉండేది, అంటే ఆ పిల్ల మొదటి రాత్రికి డబ్బున్న మగవాడిని కుదర్చడం. దానికి ఏ కాలపు కళ్లద్దాలు పెట్టుకు చూసినా మంచి పేరు దొరకదు.

మరి దీన్ని ఆపమన్నది ఎవరు? తెల్లదొరలు అని టకీమని జవాబొస్తుంది. కొంత నిజం, చాలా వరకు కాదు. 1893లో మద్రాసులో హిందూ సంఘ సంస్కరణ సమాజం వాళ్లు వైస్రాయికి, గవర్నరుకి ఒక అర్జీ పెట్టుకున్నారు: మహాప్రభో, భోగం ఆట ఉన్న విందులకి మీరు రాకండి, మీరొస్తే దానికి పరువొస్తుంది అని. ఇద్దరూ ఒప్పుకోలేదు. మేము ఇలాంటి వినోదాలకి వెళ్లాం, మాకందులో అసభ్యం ఏమీ కనబడలేదు అనే ధోరణిలో జవాబులొచ్చాయి. అంటే దొరలు నాట్యం బానే ఉందంటున్నారు, మనవాళ్లు కాదు, అది సిగ్గుచేటు అంటున్నారు. మిషనరీలు రాసినవి, విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు పుస్తకాల్లోని ఇల్లాలి బొమ్మ, ఇవన్నీ అప్పటికే మన చదువుకున్నవాళ్ల తలల్లోకి దిగిపోయాయి. ఇక దొర పనిగట్టుకుని రుద్దాల్సిన అవసరమేముంది?

రాజమండ్రిలో ఇదే పోరాటం కందుకూరి వీరేశలింగం గారిది. 1881 డిసెంబరు 11న ఊరంతా ఎదురు తిరిగినా మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి, ఆ ధైర్యానికి నేను ఎప్పుడూ దణ్ణం పెడతాను. ఆ రోజుల్లో ఆయన్నీ అన్నారు, ఇంగ్లీషు చదువులు చదివి మన ధర్మం మీద పరాయి నీతి రుద్దుతున్నాడని. ఆ మాట అన్నవాళ్లు పన్నెండేళ్ల విధవ తల గొరిగించడాన్ని సంస్కృతి అని పిలిచినవాళ్లు, వాళ్లు చెప్పింది విని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. కానీ అదే వీరేశలింగం గారు కళావంతుల దగ్గరికొచ్చేసరికి వాళ్లని కాపాడాల్సిన మనుషులుగా కాక, వాళ్ల నుంచి సంసారుల్ని కాపాడాల్సిన ముప్పుగా చూశారు. ఒకే మనిషి, ఒకే కళ్లద్దాలు. ఒకచోట బాధ కనబడింది, ఇంకోచోట మురికి మాత్రమే కనబడింది.

దీన్ని దగ్గర్నుంచి చూడాలంటే ఒక పుస్తకం సంగతి చెప్పాలి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది, తెలుగులో రాసింది, కళావంతుల ఇంటి మనిషే. ఆవిడ కావ్యం రాధికాసాంత్వనము. తను పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత అసూయతో రగిలిపోయే రాధ కథ అది. శృంగారం బాగానే ఉంది, దాచేదేం లేదు. అయితే ఆ కాలపు మగకవులు రాసినదాంతో పోలిస్తే ఎక్కువేం కాదు. తేడా ఏంటంటే ఇందులో కోరిక ఆడమనిషిది, ముందడుగు కూడా ఆవిడదే.

1887లో ఇది అచ్చయింది. తర్వాత బెంగుళూరు నాగరత్నమ్మ, ఆవిడ కూడా అదే కులంలో పుట్టిన గొప్ప గాయని, ఆ అచ్చు ప్రతి సంపాదించి చదివింది. చదివి ఊరుకోకుండా చేతిరాత ప్రతి కూడా సంపాదించి రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. కొన్ని పద్యాలు ఎగిరిపోయాయి. బూతని తీసేశారనుకోవచ్చు. కానీ దాంతోపాటు అవతారికా, అంటే కావ్యం మొదట్లో కవి పరిచయం ఉండే భాగమూ పోయింది. అవతారికలో ఏముందయ్యా అంటే ముద్దుపళని తనెవరో చెప్పుకుంది, తన అవ్వ తంజనాయకి గురించి చెప్పింది, తన ఇంట్లో ఆడవాళ్ల పరంపర చెప్పింది, నాలాంటి ఆడది ఇంకెవరుందని కాస్త గర్వంగా కూడా చెప్పుకుంది. అందులో ఒక్క శృంగార పద్యమైనా లేదు, మరి దాన్నెందుకు కోశారు? బూతు భయం అనే కత్తెర పట్టుకున్న చెయ్యి ఎక్కడ ఆగాలో దానికి తెలీదు. ఒకసారి మొదలయ్యాక పద్యంతో పాటు మనిషినీ కోసేస్తుంది.

వీరేశలింగం గారు కవుల చరిత్రలో ముద్దుపళని కవిత్వం మృదుమధురం అంటూనే, వేశ్య కాబట్టి సిగ్గు లేకుండా రాసిందని, ఆడవాళ్లు వినదగని పద్యాలున్నాయని తీర్పిచ్చారు. 1910లో వావిళ్ల వారి చేత పూర్తి ప్రతి అచ్చు వేయిస్తూ నాగరత్నమ్మ పీఠికలో దానికి జవాబు రాసింది. సారాంశం ఇది: సిగ్గు ఆడదానికేనా, మగవాడికి అక్కర్లేదా? వేశ్య కాబట్టి రాసిందంటే, మరి పెద్దమనుషులు ఇంతకన్నా పచ్చిగా ఎందుకు రాశారు? పంతులుగారు స్వయంగా పరిష్కరించిన వైజయంతీవిలాసం సంగతేంటి? 1910లో, మద్రాసులో, వీరేశలింగాన్ని పేరు పెట్టి నిలదీసిన ఆడమనిషి ఆవిడ.

1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. అందులో అశ్లీలం ఉందని తేల్చింది ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు. చట్టం ఇంగ్లీషు దొరలది, కొలబద్ద కూడా వాళ్లదే. 1868లో లండన్‌లో ఒక జడ్జి చెప్పిన సూత్రం అది, ఒక రాత చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న మనసుల్ని చెడగొట్టేలా ఉంటే చాలు, అది అశ్లీలమే అని. వ్యాపారి నుంచి బడిపిల్లాడి దాకా అందరికన్నా బలహీనమైన మనసుని ఊహించుకుని, అందరి చదువునూ ఆ కొలతకి కత్తిరించడం. కానీ ఆ కొలబద్దని పట్టుకుని తెలుగు పద్యం మీద పెట్టి చూసిన చెయ్యి తెలుగు చెయ్యే. నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధాని (ఇప్పటి మాటల్లో ముఖ్యమంత్రి) అయ్యేదాకా, అంటే 1946-47 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదే జరుగుతుంది అరువు నీతితో. పక్కింటి నుంచి గిన్నె అరువు తెచ్చుకుని, తిరిగివ్వడం మర్చిపోయి, ఒకరోజు దాని మీద మన ఇంటిపేరు చెక్కించేసుకున్నట్టు. స్వలింగ సంబంధాల్ని నేరం చేసిన 377 సెక్షన్ 1860 నాటి ఇంగ్లీషువాళ్ల శిక్షాస్మృతిలోది. వాళ్ల దేశంలో వాళ్లు 1967లో వదిలించుకున్నారు. మనం 2018 సెప్టెంబరు దాకా పట్టుకుని వేలాడాం, పైగా అది మన సంస్కృతి అని వాదిస్తూ. హైదరాబాదులో ఇంకా విచిత్రం. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాయాలి, వాళ్లు ఆడ దుస్తుల్లో వీధిలో కనబడితే అరెస్టు చేయొచ్చు అనే చట్టం నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో వచ్చింది, దాని మూలం 1871 నాటి బ్రిటిష్ చట్టం. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నూట నాలుగేళ్లు.

అయితే దీన్నుంచి బయటివాళ్ల నీతి అంటేనే విషం అని తేల్చేస్తే అదీ కుదరదు. ఆ దారిలో వెళ్లి ఇరుక్కున్నవాళ్లున్నారు. 1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తయారుచేస్తుంటే అమెరికా మానవశాస్త్ర సంఘం ఒక ప్రకటన పంపింది, విలువలు ఆయా సంస్కృతుల్లోంచి పుడతాయి, ఒకరి విలువల్ని అందరికీ కొలత చేయకండి అని. వలస రాజ్యాలు చేసిన ఘోరాలు కళ్లారా చూసినవాళ్ల మాట అది, ఉద్దేశం మంచిదే. కానీ "అన్ని సంస్కృతుల్నీ గౌరవించాలి" అన్న మాటే అందరికీ వర్తించే ఒక నీతి కదా! పక్కవాణ్ణి గౌరవించకూడదు అనే సంస్కృతి ఎదురైతే ఏం చేస్తారు? పోనీ తర్కం పక్కన పెట్టండి, మానవ హక్కులు పడమటివాళ్ల సరుకు అన్న మాట చరిత్రలో కూడా నిలవదు. మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్న అర్థం వచ్చే మాట తీయించి "మనుషులందరూ" అని పెట్టించింది మన దేశం నుంచి వెళ్లిన హంసా మెహతా.

మళ్లీ మద్రాసుకి వద్దాం, ఎందుకంటే అసలు చిక్కుముడి అక్కడుంది. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి శాసనమండలిలోకి వచ్చిన మొదటి మహిళ అయింది. డాక్టరు. ఆవిడ తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల కుటుంబంలోంచి వచ్చినావిడ. అంకితం ఆపాలని పట్టుబట్టింది ఈవిడే. అప్పుడు దేవదాసీలు సంఘం పెట్టుకుని ప్రభుత్వానికి మహజరు, అంటే అర్జీ ఇచ్చారు, అందులో నాగరత్నమ్మ ముందుంది: మేము వేశ్యలం కాదు, మమ్మల్ని అడగకుండా మా గురించి చట్టం చేయకండి, మాకు చదువివ్వండి, సంగీతం, సాహిత్యం నేర్పించండి, మా స్థానం మేం నిలబెట్టుకుంటాం అని. ఇంకోవైపు మూవలూరు రామామృతం అమ్మాళ్, ఆవిడ స్వయంగా దేవదాసీగా బతికి బయటికొచ్చినావిడ, ఊరూరా తిరిగి ఈ వ్యవస్థ పోవాల్సిందే అని చెప్పింది. కాంగ్రెసు నాయకుడు సత్యమూర్తి సంప్రదాయం పేరు చెప్పి బిల్లుని అడ్డుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో "సంస్కృతి" ఎవరు, "బయటివాళ్లు" ఎవరు? బిల్లు కావాలన్నదీ ఆ ఇంటి ఆడవాళ్లే, వద్దన్నదీ ఆ ఇంటి ఆడవాళ్లే. నాగరత్నమ్మ దగ్గర ఆస్తి ఉంది, పేరుంది, కచేరీలున్నాయి, ఆవిడకి ఆ బతుకులో కోల్పోయేది చాలా ఉంది. రామామృతానికి గుర్తున్నది వేరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎందుకంటే ఒకే కులంలో బతికినా ఇద్దరూ బతికింది ఒకే బతుకు కాదు. నన్ను పట్టుకుని ఏదో ఒకటి తేల్చమంటే పసిపిల్లల అంకితం ఆపడం దగ్గర నేను ముత్తులక్ష్మి వైపే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. మమ్మల్ని అడగకుండా అన్న మాట దగ్గర మాత్రం నాగరత్నమ్మ వైపు. రెండూ ఒకేసారి పట్టుకోవడం కష్టం ఏమీ కాదు, వాదన గెలవాలన్న ఆత్రం లేకపోతే.

ఇక్కడ జనం పెద్దగా పట్టించుకోని ఒక చట్టం ఉంది, నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికన్నా తెలివైన పని అదే. 1929లో దేవాదాయ చట్టానికి ముత్తులక్ష్మి తెచ్చిన సవరణ. దేవదాసీకి గుడి మాన్యం ఉందంటే, గుడిలో సేవ చేస్తేనే ఆ భూమి, సేవ మానేస్తే భూమి పోతుంది. ఇష్టం లేకపోయినా మానలేని మెలిక అది. ఈ సవరణ ఆ ముడి విప్పింది, సేవ చేయక్కర్లేదు, భూమి నీ దగ్గరే ఉంటుంది, ప్రభుత్వానికి కాస్త పన్ను కట్టుకో అంది. నీ బతుకు నీతి తప్పింది అని ఎవరైనా చెప్పొచ్చు, నోరుంటే చాలు. నువ్వు ఆ బతుకు మానేస్తే ఏం తింటావు అని ఆలోచించినవాళ్లు తక్కువ. భూమి ఉన్నవాళ్లకి అది పనికొచ్చింది. లేనివాళ్లకి, పెళ్లిళ్ల మేళాల మీద బతికే గోదావరి జిల్లాల వాళ్లలాంటి వాళ్లకి, వచ్చిన చట్టం గజ్జెలు తీసుకుంది కానీ చేతిలో ఏం పెట్టలేదు. కొందరు గ్రామఫోను రికార్డులకి, నాటకాలకి, సినిమాలకి వెళ్లారు, మన తెలుగు సినిమా మొదటి రోజుల్లో పాడిన గొంతుల్లో కొన్ని ఆ ఇళ్లవే. చాలామంది ఊళ్లు మారారు, కులం పేరు మార్చుకుని సూర్యబలిజ అని రాయించుకున్నారు, గజ్జెల పెట్టె అటక మీద పెట్టి పిల్లలకి కూడా చెప్పలేదు.

నాట్యం మాత్రం చావలేదు, ఇల్లు మారింది. మద్రాసులో దేవదాసీలు ఆడిన సదిర్ పేరు భరతనాట్యం అయింది, పెద్దకులాల ఆడపిల్లలు వేదిక ఎక్కారు. మనవైపు కూచిపూడి పెరిగింది. ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్ల రంగప్రవేశం చేస్తే హాలు అద్దెకి తీసుకుని, ఆహ్వాన పత్రికలు అచ్చు వేయించి, క్షేత్రయ్య పదానికి అభినయం పడుతుంటే తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తారు. సంతోషమే. ఆ పదం ఎవరి ఇంట్లోంచి వచ్చిందో, ఆ ఇంటి ఆడవాళ్లకి విస్తరి ఎక్కడ వేశారో ఎవరూ చెప్పరు. స్వప్నసుందరి లాంటివాళ్లు గోదావరి జిల్లాల్లో మిగిలిన పెద్దవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుని, విలాసినీ నాట్యం అన్న పేరుతో మళ్లీ వేదిక మీదికి తెచ్చేసరికి ఆ పెద్దవాళ్లు చివరి తరం.

పైనుంచి ఒక్క వేటుతో కొట్టడానికి, లోపల్నుంచి మాట కదలడానికి తేడా చూడాలంటే ఆఫ్రికా ఉదాహరణలు రెండు బాగా పనికొస్తాయి. ఆడపిల్లల జననాంగం కోసే ఆచారం, అది క్రూరమనడానికి నాకు ఏ మానవశాస్త్రవేత్త అనుమతీ అక్కర్లేదు. 1956లో కెన్యాలో మేరు ప్రాంతంలో, బ్రిటిష్ అధికారుల ఒత్తిడితో అక్కడి పెద్దల సభ దాన్ని నిషేధించింది. ఏమైంది? అమ్మాయిలు అడవిలోకి వెళ్లి, కొట్లో కొన్న బ్లేడులతో ఒకరికొకరు కోసుకున్నారు. వాళ్లకి పడిన పేరు ఎంగైటానా, నాకు నేనే చేసుకుంటాను అని అర్థం. మూడేళ్లలో 2,400 మందికి పైగా కేసులు పడ్డాయి. దొర వద్దన్నాడు కాబట్టి కోత తిరుగుబాటు అయిపోయింది. ఆ అమ్మాయిల ఒంటి గురించి రెండు వైపుల మగవాళ్లు తగువు పడుతుంటే, వాళ్లకి మిగిలిన ఒక్క పట్టుదల అది.

ఇంకోటి సెనెగల్. అక్కడ తోస్తాన్ అనే సంస్థ, పెట్టింది మోలీ మెల్చింగ్ అనే అమెరికన్, అంటే బయటి మనిషే, కానీ 1974 నుంచి అక్కడే ఉండిపోయి స్థానిక భాష నేర్చుకున్న మనిషి. పల్లెల్లో ఆడవాళ్లకి ఆరోగ్యం, హక్కుల గురించి వాళ్ల భాషలోనే పాఠాలు పెట్టారు, ఇది మానేయండి అని చెప్పలేదు. 1997 జులైలో మాలికుండా బంబారా అనే ఊరి ఆడవాళ్లు మేమే మానేస్తున్నాం అని నలుగురి ముందు ప్రకటించారు. పక్క ఊరి ఇమాం దెంబా జవారా అప్పుడు ఒక మాటన్నాడు: మన పిల్లల్ని మనం ఒక్క ఊళ్లోనే ఇచ్చి పుచ్చుకోం, చుట్టుపక్కల ఊళ్లన్నీ మానకపోతే మానేసిన ఊరి పిల్లకి సంబంధాలు రావు. కట్నం సంగతి తెలిసిన మనకి ఇది వేరే వివరించక్కర్లేదు, ఒక్క ఇల్లు మానేస్తే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. ఆ పెద్దాయన చుట్టాలున్న ఊరూరికీ కాలినడకన తిరిగాడు. 1998 ఫిబ్రవరిలో పదమూడు ఊళ్లు కలిసి ప్రకటించాయి. చట్టం ఆ తర్వాత, 1999లో వచ్చింది.

బయటి మనిషి చెప్పాడా లోపలి మనిషి చెప్పాడా అన్నది అందుకే నాకు పెద్ద విషయం అనిపించదు. ఎవరి ఒంటి మీద, ఎవరి కూటి మీద ఆ మార్పు పడుతుందో వాళ్లు మాట్లాడే చోటు ఉందా అన్నది విషయం. చెప్పేవాడు ఆ మార్పు ఖర్చులో తన వాటా పెట్టుకుంటున్నాడా, లేక తన నీతి వాళ్ల తిండి మీద నెగ్గించుకుంటున్నాడా? 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు పన్నెండేళ్ల పిల్ల దుర్గాబాయి, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిన ఆవిడ, దేవదాసీలతో, ముస్లిం స్త్రీలతో ఆయన సభ పెట్టించాలని పంతం పట్టింది. ఐదు వేల రూపాయలు పోగుచేస్తే ఆయన కాసేపు వస్తాడని కార్యకర్తలు అంటే, ఆ డబ్బు కూడగట్టడంలో ముందుకొచ్చింది దేవదాసీలే. వాళ్లని సభకి పిలవాలన్న ఆలోచన ఉద్యమంలో తలపండిన పెద్దమనుషులకి రాలేదు, పన్నెండేళ్ల పిల్లకి వచ్చింది.

ఇదంతా పాత కథ అనుకోకండి. కళావంతులకి కనీసం పాట ఉంది, చదువుంది, కొందరికి మాన్యం ఉంది. తెలంగాణలో జోగినీలు, అనంతపురం, కర్నూలు వైపు బసివిలు, చిత్తూరు వైపు మాతమ్మలు, వీళ్లు దళిత ఇళ్ల ఆడపిల్లలు. ఎల్లమ్మకో ఇంకో దేవతకో ఇచ్చేశాం అని పేరు, ఆ తర్వాత ఊరి మగవాళ్ల పాలు. అక్కడ పోగొట్టుకోవడానికి కళ లేదు, పరంపర లేదు, ఊరి పెద్దలకి మాత్రమే లాభమున్న ఆచారం అది. కాబట్టి నాగరత్నమ్మ వాదనని తీసుకొచ్చి ఇక్కడ అతికించి, ఇదీ ఒక సంస్కృతే గౌరవించాలి అనే మేధావుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అంతకన్నా ఎక్కువ పని నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణం లాంటివాళ్లది, జాషువా గారి అమ్మాయి ఆవిడ. జోగినీల మధ్యకి వెళ్లి, వాళ్లతో కూర్చుని, వాళ్ల కోసం చెల్లి నిలయం పేరుతో ఒక ఆశ్రయం పెట్టారు, వాళ్ల పిల్లలకి చదువు చెప్పించారు.

చట్టం ప్రకారం జోగిని అనే మనిషి ఉండకూడదు. ఆ జోగిని కొడుకు మాత్రం బడికి వెళ్తాడు, స్కాలర్‌షిప్‌కి అర్జీ పెట్టుకుంటాడు, కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి వెళ్తాడు. ఫారం తీసుకుని పైన తన పేరు రాస్తాడు. దాని కింద గడిలో తండ్రి పేరు అని ఉంటుంది. ఊళ్లో అందరికీ తెలిసినా ఎవరూ ఒప్పుకోని పేరు అది. పిల్లాడు పెన్ను పట్టుకుని కౌంటర్లో ఉన్న మనిషి వైపు చూస్తాడు, ఆయన వెనక వరసలో ఉన్నవాళ్లని చూస్తూ "త్వరగా రాయవయ్యా" అంటాడు.